ఉమ్మడి పద్దు

ఉమ్మడి కాపురాలు పోయాయని మనమంతా నిట్టూరుస్తూ ఉంటాం గానీ, అవెక్కడికీ పోలేదు. కంప్యూటర్లలోకి మకాం మార్చాయి. అక్కడా ఉమ్మడి సొత్తు ఉంది, వేరు పొయ్యిలున్నాయి, "ముందు నేను చూశాను" అంటే "కాదు, నేను చూశాను" అనే తగవులున్నాయి. ఆ తగవులు తీర్చడానికి పెద్దవాళ్ళు కూర్చుని కట్టుబాట్లు చేశారు. ఆ కథ అరవై ఏళ్ళ పైచిలుకు నాటిది. యంత్రాల గొడవ మనకెందుకులే అనుకోకండి. రైల్లో మీ బెర్తు మీకు దక్కేది ఆ కట్టుబాట్ల పుణ్యాననే.

ముందు ఒక చిన్న సంగతి. ప్రోగ్రామంటే వంట రాసిపెట్టుకున్న కాగితంలాంటిది. ఒకే కాగితం చూసి ఇటు విజయవాడలో ఒకావిడ, అటు వరంగల్లులో ఒకావిడ పులిహోర కలిపారనుకోండి. కాగితం ఒకటే, గిన్నెలు రెండు. ఈవిడ గిన్నెలో ఉప్పెక్కువైతే ఆవిడ గిన్నెకేమీ కాదు. ఒకే ప్రోగ్రాము ఒకేసారి రెండు చోట్ల నడుస్తుంటే జరిగేదీ ఇదే. నడిచే ప్రతి నకలుకూ దాని గిన్నె దానికుంటుంది. ఒకటి దాచుకున్నది రెండోదానికి కనబడదు. ఎవరికి వారే యమునా తీరే!

అలా గోడలు కట్టింది కావాలనే. పక్కింటి పొయ్యి మంట మనింటికి అంటుకోకూడదు కదా. కానీ కొన్ని వస్తువులు ఉమ్మడిగా ఉండక తప్పదు. రైల్లో బెర్తు, బ్యాంకులో నిలవ, విమానంలో సీటు - ఇవి ఇంటికొకటి చొప్పున ఉండేవి కావు. గోడ అవతలి నుంచి ఇద్దరు ఒకే వస్తువు మీద చెయ్యి వేస్తే ఎలా? చిక్కంతా అక్కడే వచ్చింది.

తొలిరోజుల్లో ఈ చిక్కే లేదు. కంప్యూటరు ఒక్కటే, దానిముందు ఒకరి తర్వాత ఒకరు. 1961 నవంబరులో అమెరికాలోని ఎం.ఐ.టి. అనే విద్యాసంస్థలో ఫెర్నాండో కోర్బటో, ఆయన తోటివారు కలిసి ఒకే యంత్రాన్ని ఒకేసారి పలువురు వాడుకునే ఏర్పాటు చేసి చూపించారు. ఎవరి కాగితాలు వారివిగా ఉండాలి కనుక ప్రతివారికీ ఒక రహస్యపు మాట ఇచ్చారు. ఈనాడు మనం పాస్‌వర్డు అంటున్నామే, అదే.

కొన్నేళ్ళకు అక్కడ ఒక తమాషా జరిగింది. ఒక మధ్యాహ్నం యంత్రం దగ్గర కూర్చున్న ప్రతివారికీ, రోజూ కనబడే "ఈనాటి ప్రకటన" బదులు అందరి రహస్యపు మాటల జాబితా మొత్తం వరసగా అచ్చయి వచ్చింది! దొంగలెవరూ పడలేదు. అధికారులే ఇద్దరు, ఒకే సమయంలో, రాతకోతల ప్రోగ్రాము తెరిచారు. ఒకరు ఆనాటి ప్రకటన దిద్దుతున్నారు. ఇంకొకరు రహస్యపు మాటల జాబితా దిద్దుతున్నారు. ఆ ప్రోగ్రాము దిద్దేటప్పుడు చిత్తుప్రతి ఒకటి రాసుకుంటుంది. ఆ చిత్తుప్రతికి ఎప్పుడూ ఒకటే పేరు. ఒక చోట ఒకరే పనిచేస్తారన్న నమ్మకంతో రాసిన ప్రోగ్రాము మరి. రెండు నకళ్ళు నడిచేసరికి చిత్తులు తారుమారయ్యాయి. ఒకే పేరున్న రెండు డబ్బాలు అటకమీద పెడితే చక్కెర అనుకుని ఉప్పు దింపమా, అలాగన్నమాట.

ఈ చిక్కు గురించి అప్పటికే హాలండులో ఒకాయన ఆలోచిస్తున్నాడు. పేరు ఎడ్స్గర్ డైక్‌స్ట్రా. 1957లో ఈయన పెళ్ళి ఆమ్‌స్టర్‌డాంలో రిజిస్టరు చేయించుకోబోతే వరుడి వృత్తి ఏమిటని అడిగారు. "ప్రోగ్రామరు" అన్నాడు. అలాంటి వృత్తి లోకంలో లేదని ఆ కాగితం ఒప్పుకోలేదు! చివరికి భౌతికశాస్త్రవేత్త అని రాయించి పెళ్ళి కానిచ్చారు. వధువు రియా డెబెట్స్ కూడా ఆ నగరంలోనే గణితకేంద్రంలో లెక్కలు కట్టే ఉద్యోగం చేసిన అమ్మాయే. కంప్యూటర్లు రాకముందు ఆ పేరు యంత్రానిది కాదు, ఇలా బల్లల ముందు కూర్చుని లెక్కలు కట్టే మనుషులది. వారిలో ఆడపిల్లలే ఎక్కువ. ఈ మాట చరిత్ర పుస్తకాల్లో ఓ మూలనుంటుంది, మనం కాస్త ముందుకు తెచ్చుకోవాలి.

డైక్‌స్ట్రా పట్టుకున్న కీలకం ఇది. ఒక్క బెర్తు మిగిలిందనుకుందాం. ఒక కౌంటరులో నడుస్తున్న ప్రోగ్రాము ఉమ్మడి పద్దు చూసింది. "ఒకటి ఖాళీ." ఇంకా పేరు రాయలేదు. ఆ రెప్పపాటులో రెండో కౌంటరులోది కూడా చూసింది. "ఒకటి ఖాళీ." ఇద్దరికీ టిక్కెట్టు వచ్చేసింది. తప్పెవరిది? ఇద్దరూ చూసింది నిజమే. ఇద్దరూ రాసింది సబబే. చూడటానికీ రాయడానికీ నడుమ ఉన్న ఆ రెప్పపాటుది తప్పు. కాబట్టి చూసి, రాసి, బయటికొచ్చేదాకా ఆ గదిలో ఒక్కరే ఉండాలి. మిగతావారు గుమ్మం దగ్గర ఆగాలి. వినడానికి ఎంత తేలిక! కానీ "గదిలో ఎవరైనా ఉన్నారా" అని తొంగిచూడటం కూడా చూడటమేగా? ఇద్దరూ ఒకేసారి తొంగిచూసి, ఎవరూ లేరని ఒకేసారి లోపలికి దూరితే?

అందుకని చూడటం, పట్టుకోవడం విడదీయరాని ఒకే పనిగా జరిగే ఒక గుర్తును ఆయన ఊహించాడు. దానికి సెమఫోరు అని పేరు పెట్టాడు. రైలు పట్టాల పక్కన చెయ్యి ఎత్తి దించే సిగ్నలు స్తంభం పేరది. మన దేశంలోనూ ఒంటి లైను మీద ఒక ఏర్పాటుండేది. చిన్న స్టేషనులో ప్లాట్‌ఫారం మీద నిలబడి, పెద్ద వలయానికి కట్టిన సంచీని కదిలే ఇంజనులోకి అందించడం పాతతరం వారు చూసే ఉంటారు. ఆ సంచీలో ఉండేది టోకెను. టోకెను చేతిలో ఉన్న డ్రైవరుదే ఆ లైను. అది అప్పజెప్పేదాకా ఎదురుబండి కదలకూడదు. డైక్‌స్ట్రా 1965 నాటి తన వ్యాసంలో వివరించిన సూత్రం సరిగ్గా ఇలాంటిదే. ఆయన తన వ్యాసాలను వరస అంకెలు వేసి, నకళ్ళు తీయించి స్నేహితులకు పంపేవాడు. చాలా మటుకు సిరాకలంతో, ముత్యాలకోవ లాంటి చేతిరాతతో. కంప్యూటరు పండితుడు చేతిరాత వదల్లేదు చూడండి!

తాళం వేసుకుంటే తగవు తీరిందా? అబ్బే! అయిదుగురు తత్త్వవేత్తలు గుండ్రటి బల్ల చుట్టూ భోజనానికి కూర్చున్నారు. ఇద్దరిద్దరి మధ్య ఒక్కొక్క ఫోర్కు. తినాలంటే రెండు కావాలి. అందరూ ఒకేసారి తమ ఎడమపక్క ఫోర్కు పట్టుకుని, కుడిపక్కది ఎప్పుడు దొరుకుతుందా అని కూర్చుంటే, అయిదుగురూ ఆకలితో పోతారు. టేపు యంత్రాల కోసం పోటీపడే అయిదు కంప్యూటర్ల లెక్కగా 1965లో డైక్‌స్ట్రా విద్యార్థులకు పరీక్షలో ఇచ్చిన ప్రశ్నకు, ఇంగ్లండుకు చెందిన టోనీ హోర్ ఇలా భోజనాల బల్ల తొడిగాడు. పట్టు పట్టడమే కాదు, విడవటమూ తెలియాలని దీని నీతి. ఈ నీతి మన ఇళ్ళల్లో ఎన్నిసార్లు అవసరపడుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఇదంతా గోడ అవతల ఉన్నవారి సంగతి. ఒకే ఇంట్లో ఉన్నవారి ఉమ్మడికి ఇంకో కథ ఉంది. అది నార్వేలో మొదలైంది. ఓస్లో నగరంలో ఒలె-యోహాన్ దాల్, క్రిస్టెన్ నీగార్డ్ అనే ఇద్దరు 1967లో సిమ్యులా అనే కంప్యూటరు భాషకు కొత్తరూపు దిద్దారు. అందులో "క్లాసు" అనే మాట తెచ్చారు. బడి క్లాసు కాదు, కజ్జికాయల అచ్చులాంటిది. అచ్చు ఒకటే, దాంట్లోంచి ఎన్ని కజ్జికాయలైనా తీయవచ్చు. ప్రతి కజ్జికాయకూ దాని పూర్ణం దానిదే. మరి "మొత్తం ఎన్ని చేశాం" అన్న లెక్క ఏ కజ్జికాయలో దాచాలి? ఏ ఒక్కదాంట్లోనూ కాదు, అచ్చు మీదే గీతలు పెట్టుకోవాలి. ఆ అచ్చులోంచి వచ్చిన ప్రతిదీ ఆ గీతలు చూడవచ్చు, ఇంకో గీత చేర్చవచ్చు.

అమెరికాలో జిరాక్సు కంపెనీ పరిశోధనశాలలో ఆలన్ కే, డాన్ ఇంగాల్స్, ఎడెల్ గోల్డ్‌బర్గ్ ప్రభృతులు తయారుచేసిన స్మాల్‌టాక్ భాషలో ఈ ఉమ్మడి గీతలకు చక్కటి చోటు ఏర్పడింది. 1983లో ఆ భాషను లోకానికి వివరించిన పుస్తకం రాసిన ఇద్దరిలో ఎడెల్ గోల్డ్‌బర్గ్ ఒకరు. అంతకుముందు 1979లో ఆపిల్ కంపెనీ స్టీవ్ జాబ్స్ బృందం వచ్చి ఆ పనితనమంతా చూపించమంటే, ఇంటి గుట్టు పరాయివారికి ఎందుకు చూపాలని ఆవిడ గట్టిగా ఎదురుతిరిగింది. పైవారు ఆజ్ఞాపిస్తే గానీ చూపలేదు. తర్వాత ఏమైందో మన ముందున్న తెరలే చెబుతాయి.

ఇక్కడే చాలామంది కుర్రకారు పొరపడతారట. అచ్చు మీద గీతలున్నాయి కదా, అందరికీ కనబడతాయిలే అనుకుంటారు. ఒకే వంటింట్లో అయితే కనబడతాయి. కానీ ప్రోగ్రాము రెండుసార్లు నడిచిందంటే వంటిళ్ళు రెండు, అచ్చులూ రెండు. ఆ ఇంటి గీతలు ఈ ఇంటికి తెలియవు. తెలియాలంటే గోడ బయట అందరికీ అందే చోటొకటి కావాలి. 1983లో అమెరికా టెలిఫోను కంపెనీ విడుదల చేసిన యూనిక్స్ సిస్టం ఫైవ్‌లో దీనికి మూడు సాధనాలు కలిపి ఇచ్చారు. ఇద్దరూ చూడగల ఉమ్మడి జాగా ఒకటి, చీటీలు పంపుకునే ఏర్పాటు ఒకటి, మూడోది మన డైక్‌స్ట్రాగారి సెమఫోరు. జాగా ఇచ్చి ఊరుకోకుండా వంతు తెలిపే గుర్తు కూడా ఇచ్చారు చూశారా, అదీ లోకజ్ఞానం.

ఆ వంతు మరిచిన చోట ఏమవుతుందో రెండేళ్ళకే తేలింది. కెనడాలో తయారైన థెరాక్-25 అనేది క్యాన్సరు రోగులకు కిరణాలతో చికిత్స చేసే యంత్రం. 1985 జూన్ నుంచి 1987 జనవరి దాకా అమెరికా, కెనడా ఆసుపత్రుల్లో ఆరుగురికి అది మోతాదుకు ఎన్నో రెట్లు కిరణాలు కురిపించింది. వారిలో కొందరు ప్రాణాలే పోగొట్టుకున్నారు. 1986లో టెక్సస్‌లో టైలర్ అనే ఊళ్ళో, చెయ్యి తిరిగిన ఒక ఆపరేటరు ఒక అక్షరానికి బదులు ఇంకొకటి కొట్టింది. వెంటనే వెనక్కి వెళ్ళి దిద్దుకుంది. అంతా ఎనిమిది సెకన్ల లోపు. లోపల ఒక భాగం అయస్కాంతాలను సర్దుతూ ఉంది. ఇంకొక భాగం ఆమె కొట్టినవి చదువుతూ ఉంది. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న గుర్తులకు తాళం లేదు. ఆవిడ దిద్దుబాటు తెరమీద కనబడింది గానీ, లోపల సగానికే అందింది. అలాంటి ప్రమాదం అసంభవమని తయారీదార్లు అంటూ వచ్చారు. ఆ ఆసుపత్రి భౌతికశాస్త్ర నిపుణుడు, ఆపరేటరు కలిసి, పదే పదే ప్రయత్నించి, ఎంత వేగంగా దిద్దితే ఆ తప్పు వస్తుందో చేసి చూపించారు.

అంతకుముందు నమూనా యంత్రంలోనూ ఇలాంటి లోపమే ఉందిట. అయితే దానికి ఇనుప అడ్డాలుండేవి, ఫ్యూజు ఎగిరిపోయి ఊరుకునేది. ప్రోగ్రాము ఉండగా ఇనుము దేనికని కొత్తదాంట్లో తీసేశారు. ఈ విషాదాన్ని మొత్తం తవ్వి తీసి, 1993లో తన సహచరుడితో కలిసి లోకానికి చెప్పింది కూడా ఒక స్త్రీయే - నాన్సీ లెవ్‌సన్. పని వేగంగా, నేర్పుగా చేసినందుకు ఆ ఆపరేటరు మనసు ఎంత క్షోభించి ఉంటుందో! తప్పు ఆమె వేళ్ళది కాదని తేలడానికి ఆమె వేళ్ళే సాక్ష్యం చెప్పాల్సివచ్చింది.

ఇక మన రైళ్ళ సంగతి. పూర్వం రిజర్వేషను ఒక పెద్ద పుస్తకంలో ఉండేది. ఆ పుస్తకం ఎవరి చేతిలో ఉంటే వంతు వారిది. అంటే పుస్తకమే తాళం. చిక్కు లేదు గానీ, ఏ బండి పుస్తకం ఏ కౌంటరులో ఉంటే ఆ వరసలోనే పడిగాపులు. 1985లో ఢిల్లీలో కంప్యూటరు రిజర్వేషను మొదలైంది. ఆ తర్వాత బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదుల్లోనూ వచ్చింది. అయితే ఏ కేంద్రం పద్దు ఆ కేంద్రానిదే. ఒకే వంట కాగితం, వేరు వేరు గిన్నెలు! అన్నిటినీ కలిపే కొత్త ప్రోగ్రామును 1994లో మొదట మన సికింద్రాబాదులోనే నడిపారు. 1999 నాటికి అయిదు కేంద్రాలూ ఒకదానికొకటి అందాయి. అమ్మాయి కాన్పుకు వెళ్ళే తల్లి, రానూపోనూ టిక్కెట్లు ఒకే కిటికీ దగ్గర కొనుక్కోగలిగింది.

2002 ఆగస్టు 3న ఇంట్లో కూర్చునే ఇంటర్నెట్టులో రైలు టిక్కెట్టు కొనే ఏర్పాటు మన దేశంలో మొదలైంది. అంటే వేలాది గోడల అవతల నుంచి ఒకే బెర్తు వైపు చేతులు చాచే రోజు వచ్చింది. సరిగ్గా మూడు రోజులకు, ఆగస్టు 6న, హాలండులో డైక్‌స్ట్రా కన్నుమూశాడు. ఆ జూన్ నెలలో దాల్ పోయాడు. ఆగస్టు 10న నీగార్డ్ పోయాడు. అచ్చు చెక్కిన ఇద్దరూ, వంతు చెప్పిన ఒకరూ ఒకే వేసవిలో వెళ్ళిపోయారు.

రైలు సిగ్నలు నుంచి అరువు తెచ్చుకున్న మాట అది. ఇన్నేళ్ళు తిరిగి తిరిగి మళ్ళీ రైలు దగ్గరికే చేరింది. పొద్దున్నే తత్కాలు కోసం కూర్చున్నప్పుడు తెరమీద చక్రం తిరుగుతూ మనల్ని విసిగిస్తుందే, ఆ కాసేపట్లో లోపలెక్కడో ఒక టోకెను చేతులు మారుతూ ఉంటుంది. మన వంతు వస్తే బెర్తు మనది. రాకపోతే ఇంకెవరిదో. ఇద్దరిదీ మాత్రం కాదు.