సురయ్యా నుంచి తురయా దాకా



పోయిన వారం కోనసీమ నుంచి ఒక దోస్త్ ఫోన్ చేశాడు. వాళ్ల తమ్ముడు దుబాయ్ నుంచి ఛుట్టీ మీద వస్తున్నాడట. అది తెలిసి పక్కింటి బోటు ఓనరు, “ఒక తురయా ఫోన్ తెప్పించి పెట్టండి, డబ్బులు నేనిస్తాను. ఒడ్డు కాస్త దాటితే సెల్లు పనిచెయ్యదు” అని అడిగాడట. “తెప్పించమంటారా భాయ్?” అని దోస్త్ సవాల్. “వద్దు” అన్నాను. ఆ ఒక్క మాట వెనక లంబీ తారీఖ్ ఉంది. అదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ పేరు సంగతి. తురయా అంటే వేరే ఏదో కాదు, మన సురయ్యాయే. ఆ పేరు లేని ఖాన్‌దాన్ మనలో తక్కువ. అరబ్బులు ‘థురయ్యా’ అంటారు, ఉర్దూలో మన నోట అది సురయ్యా అయింది. ఆస్మాన్‌లో గుత్తిగా కనిపించే చుక్కలవి, తెలుగులో కృత్తిక. దాని వెనకే వచ్చే ఎర్రటి చుక్కను అరబ్బులు ‘దబరాన్’, అంటే వెంట వచ్చేది, అన్నారు. అదే మన రోహిణి. పంచాంగంలో కృత్తిక తర్వాత రోహిణి వచ్చినట్టే, అరబ్బుల మనాజిల్‌లోనూ సురయ్యా తర్వాత దబరానే. పేర్లు వేరు గానీ అందరూ చూసింది ఒకే ఆస్మాన్.

నేలమీదా సమందర్ మీదా చీకట్లో దారి తెలియడానికే సితారాలను ఉంచానని అల్లాహ్ సూరహ్ అన్ఆమ్‌లో చెప్పాడు. ఆ దారి తెలుసుకునే ఇల్మ్‌ను కితాబుల్లోకి ఎక్కించినవాళ్లలో పెద్ద పేరు అహ్మద్ ఇబ్నె మాజిద్‌ది. ఈయన 15వ శతాబ్దపు మల్లాహ్. పుట్టింది జుల్ఫార్‌లో, అంటే నేటి రాస్ అల్ ఖైమాలో. మన గోదావరి జిల్లాల నుంచి రోజీ కోసం వెళ్లేవాళ్లకు ఆ ఊరు కొత్తది కాదు. సుమారు 1490లో ఆయన ‘కితాబుల్ ఫవాయిద్’ రాశాడు. ఆ కాలపు మల్లాహ్‌ల చేతిలో ‘కమాల్’ అనే చిన్న చెక్క ముక్క ఉండేది. దానికి ముడులు వేసిన తాడు కట్టి ఉండేది. తాడును పళ్లతో పట్టుకుని, చెక్క కింది అంచును సముద్రపు గీతకు ఆనించి, పై అంచు దగ్గర ధ్రువతారను చూసేవారు. ముడిని బట్టి ఉత్తరానికి ఎంత దూరం వచ్చారో తెలిసేది. అందులోని హునర్ అంతే.

కానీ కమాల్ పట్టినవాడికి తానెక్కడున్నాడో తెలుస్తుంది, ఒడ్డున ఉన్నవాళ్లకు తెలియదు. నా మొత్తం మాట ఈ తేడా మీదే.

మన డెల్టాలో ‘వేట’ అంటే అడవి కాదు, సముద్రం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ‘వేట నిషేధం’ అంటే బోట్లు ఆగే రోజులు. ఈ తీరానికి తూఫాన్ కొత్త కాదు. 1839 నవంబరు ఉప్పెన కోరంగి రేవును ముంచేసింది, ఆ బందర్‌గాహ్ మళ్లీ పాత దశకు రాలేదు. నా తరానికి గుర్తున్నది మాత్రం 1996 నవంబరు 6. అప్పుడు నేను చదువుకుంటున్న కుర్రాణ్ణి. కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన ఆ తుఫానుకు కోనసీమ కొబ్బరితోటలు పడుకున్నాయి. వెయ్యిమందికి పైగా పోయారు. భైరవపాలెం, బలుసుతిప్ప లాంటి ఊళ్ల నుంచి వేటకు వెళ్లిన ఎంతోమంది తిరిగి రాలేదు.

తిరిగి రానివాడికి మన ఫిఖహ్‌లో ఒక పేరుంది, మఫ్‌ఖూద్. మయ్యిత్ కాదు, జిందా అనీ చెప్పలేం. భార్య బేవానూ కాదు, సుహాగన్ అనీ అనుకోలేదు. పాత హనఫీ ఫత్వాల ప్రకారం ఆమె దాదాపు జీవితమంతా ఎదురుచూడాలి. మౌలానా అష్రఫ్ అలీ థానవీ లాంటి ఉలమా మాలికీ మజ్‌హబ్ నుంచి నాలుగేళ్ల గడువు తీసుకున్నారు. 1939 నాటి ముస్లిం వివాహాల రద్దు చట్టంలో అదే నాలుగేళ్లు కనిపిస్తుంది. ఇక ఎవరికైనా సరే, మనిషి చనిపోయాడని కోర్టు అనుకోవాలంటే సాక్ష్య చట్టం ప్రకారం ఏడేళ్లు కబురు లేకుండా ఉండాలి. అంటే ‘ఎక్కడున్నాడు’ అన్న సవాల్‌కు జవాబు లేకపోతే ఒక ఇల్లు ఏళ్లకేళ్లు ఆగిపోతుంది. బెస్తవారి ఇల్లయినా, మన ఇల్లయినా ఇంతే.

ఇప్పుడు మెషీన్ల సంగతి. జీపీఎస్ మొదటి శాటిలైట్ 1978లో ఎగిరింది. 1983లో దారి తప్పిన కొరియా విమానాన్ని సోవియట్లు కూల్చేశాక, మామూలు జనానికీ ఇది ఇస్తామని రీగన్ ప్రకటించాడు. 2000 మే దాకా అమెరికా కావాలనే లెక్కను మసకగా ఉంచింది. తర్వాత చేతిలో పట్టే డబ్బాలు కూడా సరిగ్గా చెప్పడం మొదలుపెట్టాయి. కానీ జీపీఎస్ కూడా కమాల్ లాంటిదే. శాటిలైట్ మాట వింటుంది, మన మాట ఎవరికీ చెప్పదు.

ఫర్యాద్ పైకి పంపే యంత్రం వేరు. మన ఇస్రో చేసిన ‘డాట్’ 2010 నుంచి వాడకంలో ఉంది. బటన్ నొక్కితే పడవ ఉన్న చోటు శాటిలైట్ ద్వారా బెంగళూరు కేంద్రానికి, అక్కడి నుంచి కోస్ట్ గార్డుకు చేరుతుంది. కానీ నొక్కినవాడికి ఆ ఫర్యాద్ అందిందో లేదో తెలిసేది కాదు. 2017లో ఓఖీ తుఫాను కేరళ, కన్యాకుమారి జాలర్లను మింగేశాక, హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ 2019లో ‘జెమిని’ అనే పరికరం తెచ్చింది. అది హెచ్చరికలు వినిపిస్తుంది గానీ, జవాబు తీసుకోదు. 2024 జనవరిలో వచ్చిన రెండో తరం డాట్‌లో ‘నీ కబురు అందింది’ అనే జవాబు తిరిగి వస్తుంది. మునిగే పడవలో ఉన్నవాడికి ఆ ఒక్క జవాబు ఎంత తసల్లీయో ఆలోచించండి. అదే ఏడాది ఆగస్టులో లక్ష పడవలకు ట్రాన్స్‌పాండర్లు ఇచ్చే ప్రభుత్వ పథకం మొదలైంది. వాటిలో రెండువైపులా చిన్న సందేశాలు పంపవచ్చు, సరిహద్దు దగ్గరపడితే హెచ్చరిక వస్తుంది. 2018లో గుజరాత్ నుంచి వేటకు వెళ్లి పాకిస్తాన్ జైలు పాలైన మన ఉత్తరాంధ్ర జాలర్లను తల్చుకుంటే ఆ హెచ్చరిక ఖీమత్ తెలుస్తుంది.

మరి తురయా? అది రెండువైపులా మాట్లాడుతుంది నిజమే. కానీ 2008 ముంబై దాడుల వాళ్లు వదిలేసిన ‘కుబేర్’ పడవలో దొరికింది తురయా ఫోనే. అనుమతి లేకుండా తురయా గానీ, ఇరిడియం గానీ ఈ దేశంలో దగ్గర ఉంచుకుంటే నేరం. 2024 డిసెంబరులో గోవా విమానాశ్రయంలో గార్మిన్ ఇన్‌రీచ్‌తో దొరికిన విదేశీయులనే పోలీసులు వదల్లేదు. మన పేరున్న కుర్రాడి బ్యాగులో దొరికితే ఏమవుతుందో నేను విడిగా రాయక్కర్లేదు. ఒకరి జాన్ కాపాడాలని మంచి నియ్యత్‌తో తెచ్చిన వస్తువు ఇంకొకరి జిందగీని పాడుచేయకూడదు.

అందుకే దోస్త్‌కు ఇలా చెప్పాను. తమ్ముణ్ణి ఖాళీ చేతుల్తో రమ్మను. ఓనరుగారిని ఫిషరీస్ ఆఫీసులో ట్రాన్స్‌పాండర్ గురించి అడగమను. ఏది కొన్నా మూడు సవాళ్లు వేసుకోమను. నేనెక్కడున్నానో నాకు చెబుతుందా? ఒడ్డుకు చెబుతుందా? ఒడ్డు విన్నదని తిరిగి నాకు చెబుతుందా? బ్యాటరీ, నీళ్లకు తట్టుకోవడం ఆ తర్వాత చూసుకోవచ్చు. మూడో దానికి ‘అవును’ వస్తేనే ఇంట్లో ఆడవాళ్లు రాత్రి నిద్రపోగలరు.

వేటకు వెళ్లిన ప్రతి ముసాఫిర్‌నూ అల్లాహ్ ఖైరియత్‌తో ఒడ్డుకు చేర్చుగాక. ఆమీన్.