బడి ఎవరు కడితే ఎవరిది అవుతుంది? పరాయి దేశం డబ్బుతో లేచిన బడుల చరిత్ర



పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి. మన గ్రూపులో బడుల గురించి, హాస్టళ్ల గురించి మాట్లాడుకున్నప్పుడల్లా మాట "నిధులు రావట్లేదు" దగ్గరే ఆగిపోతోంది. నిధులు వస్తే బడి వచ్చేసినట్టేనా? దీనికి జవాబు రెండు కథల్లో కనిపించింది నాకు. ఒకటి అఫ్ఘానిస్తాన్‌ది, రెండోది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ది. రెండు చోట్లా పరాయి ప్రభుత్వాల డబ్బు వచ్చింది, రెండు చోట్లా బడులు లేచాయి. కాంట్రాక్టు రాసుకున్న తీరు మాత్రం వేరు. తేడా అంతా అక్కడే ఉంది.

ముందు అఫ్ఘానిస్తాన్ సంగతి. 2001 చివర్లో తాలిబాన్ ప్రభుత్వం కూలిపోయాక అమెరికా అక్కడ రోడ్లు, ఆసుపత్రులు, బడులు కట్టిస్తానని దిగింది. కొన్ని తన సాయం సంస్థ యూఎస్ఎయిడ్ ద్వారా, కొన్ని సైన్యం ద్వారా కట్టించింది. కానీ డబ్బు నేరుగా ఊరికి పోలేదు. పెద్ద పనులు లూయిస్ బర్జర్ అనే అమెరికన్ కంపెనీకి దక్కాయి. కాబూల్ నుంచి కాందహార్ రోడ్డు వేసింది కూడా ఆ కంపెనీయే. ఇలాంటి చోట్ల పెద్ద కంపెనీ కింద చిన్న కంపెనీ, దాని కింద ఇంకో సబ్ కాంట్రాక్టరు, ఆఖరికి మేస్త్రి, కూలీలు. మనకి కొత్త కాదు కదా ఈ నిచ్చెన. ఒక్కో మెట్టు మీద కొంత ఆగిపోగా మిగిలిందే గోడకి, స్లాబుకి చేరుతుంది.

ఇంకో కిటుకు కూడా ఉంది. కొన్ని కాంట్రాక్టుల్లో కంపెనీకి అయిన ఖర్చంతా ఇచ్చి, పైన ఫీజు ఇస్తారు. పని ఖర్చుతో పాటు ఆఫీసు అద్దెలు, పెద్ద ఉద్యోగుల జీతాలు లాంటివి కూడా కొంత వాటా కింద బిల్లులో పడతాయి. ఈ వాటా ఎంతన్నది ఊళ్లో ఎవరికీ కనపడదు. లూయిస్ బర్జర్ దొరికిపోయింది ఇక్కడే. ఈ పరోక్ష ఖర్చుల్ని ఏళ్ల తరబడి ఎక్కువ చేసి చూపించిందని, అదే కంపెనీలో లెక్కలు చూసిన ఉద్యోగి ఒకరు బయటపెట్టారు. 2010 నవంబర్‌లో ఆ కంపెనీ 6 కోట్ల 93 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. ఆ డబ్బు ఎటు పోయిందంటారా? అమెరికా ఖజానాకే. మోసపోయింది అమెరికా ప్రభుత్వమని కేసు నడిచింది గానీ, ఆ బడుల్లో కూర్చోవాల్సిన పిల్లలు ఆ కేసులో ఎక్కడా లేరు.

అఫ్ఘానిస్తాన్ ఖర్చుల మీద నిఘా పెట్టడానికి 2008లో అమెరికా ఒక ప్రత్యేక తనిఖీ సంస్థ పెట్టింది. పేరు సిగార్. 2013లో వాళ్లు కాబూల్ దగ్గరున్న బత్‌ఖాక్ బడిని తనిఖీ చేశారు. సైన్యం నిధులతో అక్కడ కొత్తగా పది తరగతి గదులు కట్టారు. ప్లానులో చెక్క దూలాల మీద తేలికైన పైకప్పు వేయాలని ఉంది. కాంట్రాక్టరు కాంక్రీటు స్లాబు పోసేశాడు. అది భూకంపాలొచ్చే చోటు. అంత బరువు స్లాబుని ఆ గోడలు మోయగలవా, భూమి కదిలితే పిల్లల మీద పడదా అని తనిఖీలో అడిగారు. ఈ ప్రశ్న కట్టేటప్పుడే అడగాల్సింది. కానీ కట్టేవాడి మీద పెత్తనం ఊరివాళ్లది కాదు, వాళ్ల చేతిలో ప్లానూ లేదు.

2015లో ఇంకా పెద్ద మాట బయటికొచ్చింది. అఫ్ఘాన్ కొత్త విద్యామంత్రి, ముందున్న అధికారులు బడుల లెక్కలు తప్పుగా చూపించారని తమ పార్లమెంటులోనే చెప్పాడు. అంటే కాగితం మీద నడిచే బడులన్నమాట. అదే ఏడాది బజ్‌ఫీడ్ న్యూస్ విలేకరి ఒకరు అమెరికా డబ్బుతో కట్టినట్టు చెప్పిన బడుల్లో 50కి స్వయంగా వెళ్లి చూస్తే, వాటిలో కనీసం పదో వంతు నడవట్లేదు, లేదా అసలు లేవు. ఆసుపత్రుల సంగతీ అంతే. యూఎస్ఎయిడ్ ఇచ్చిన చిరునామాల్ని సిగార్ మ్యాపులో పెట్టి చూస్తే ఒకటి ఏకంగా మధ్యధరా సముద్రంలో తేలింది! అఫ్ఘానిస్తాన్‌కి అసలు సముద్రమే లేదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. బ్రిటన్ సాయంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రాథమిక విద్యా ప్రాజెక్టు ఒకటి 1984లో ప్రయోగంగా మొదలైంది, తర్వాత రాష్ట్రమంతా విస్తరించింది. గదులు కట్టడం, టీచర్లకి శిక్షణ, రెండూ అందులో భాగమే. దాని వెనకాల 1996-97లో డీపీఈపీ వచ్చింది. మొదట అయిదు జిల్లాలు: విజయనగరం, నెల్లూరు, కరీంనగర్, వరంగల్, కర్నూలు. వీటికి బ్రిటన్ డబ్బు. తర్వాత ఇంకో 14 జిల్లాలకి ప్రపంచ బ్యాంకు అప్పు. మొదటి అయిదులో మన వాళ్ల జాగాలు ఎన్ని ఉన్నాయో చూడండి: పార్వతీపురం, కురుపాం కొండలు, ఏటూరునాగారం అడవి, నల్లమల.

ఈ పథకంలో ఖర్చులో 85 శాతం కేంద్రం, 15 శాతం రాష్ట్రం పెట్టాలి. కేంద్రం వాటాకి విదేశీ సాయం ఆధారం. డబ్బంతా గోడలకే పోకుండా కట్టడాలకి పరిమితి పెట్టారు: మొదట 24 శాతం, తర్వాత 33. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, బడి కట్టే పని ఊరి కమిటీకి అప్పగించడం. డబ్బు విడతలుగా కమిటీ ఖాతాలో పడుతుంది. ఇసుక, ఇటుక, సిమెంటు కమిటీయే కొంటుంది, మేస్త్రిని కమిటీయే పెట్టుకుంటుంది. ఇంజనీరు వచ్చి కొలతలు వేస్తాడు. 1998లో పాఠశాల విద్యా కమిటీల చట్టం వచ్చి తల్లిదండ్రులకి చట్టంలోనే చోటు దొరికింది. తర్వాతొచ్చిన సర్వశిక్షా అభియాన్ కూడా కట్టడాలు ఊరి ద్వారానే జరగాలి, కాంట్రాక్టర్లు వద్దు అని నిబంధన రాసుకుంది.

ఇదంతా బంగారం అని నేననను. ఎన్నో చోట్ల కమిటీ చైర్మన్ సంతకం ఒకటే మిగిలింది, వెనకాల పని చేసింది ఎవరో బినామీ. చదువు రాని తల్లిదండ్రుల చేత వేలిముద్ర వేయించుకుంటే కమిటీ ఉన్నట్టా లేనట్టా? ఇంకో చిక్కు, రేటు. రోడ్డు పక్క ఊరికీ కొండ మీద గూడేనికీ ఒకటే రేటు కడితే ఎలా? మా తాత చెప్పేవాడు, సిమెంటు బస్తా కింద ఊళ్లో కొన్న ధర ఒకటి, నెత్తిన మోసి పైకి చేర్చేసరికి పడే ధర ఇంకొకటి అని. ఎస్టిమేటులో ఆ మోత కూలి లేకపోతే సిమెంటు తగ్గుతుంది, లేదా కూలి ఎగ్గొడతారు. రెండూ నష్టపోయేది మనమే.

అయినా తేడా ఉంది. ఊరి కమిటీ తప్పు చేస్తే సంతలో నిలదీయొచ్చు. వాషింగ్టన్‌లో సంతకం పెట్టిన కాంట్రాక్టుని బత్‌ఖాక్ తండ్రి ఎక్కడ నిలదీస్తాడు?

గోడలు ఒక్కటే బడి కాదని కూడా మన చరిత్రే చెప్తుంది. 1940లలో నిజాం రాజ్యంలో, ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండు పిల్లల చదువుకి పని మొదలైనప్పుడు హైమెండార్ఫ్ ముందు చూసింది భవనం కాదు, గోండుల్లోంచే టీచర్లని తయారు చెయ్యడం, గోండి భాషలో వాచకాలు. అఫ్ఘానిస్తాన్‌లో కొన్ని చోట్ల గోడలున్నా టీచరు లేడు.

ఈ మాటలన్నీ ఇప్పుడెందుకంటే, పని ఇంకా నడుస్తూనే ఉంది. ఆంధ్రలో నాడు-నేడు పనులు తల్లిదండ్రుల కమిటీల పేరు మీద జరిగాయి. తెలంగాణలో 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చాయి. ఆ కమిటీల్లో ఉన్నది మన అమ్మలు, పిన్నులు, వదినలే. వాళ్లలో చాలామందికి ఎస్టిమేటు చదవడం రాదు. మనకి వచ్చు. సెలవులకి ఇంటికెళ్లినప్పుడు బడి పని జరుగుతుంటే ఎస్టిమేటు కాపీ అడగండి. ఎం.బుక్‌లో రాసిన కొలతకీ గోడ కొలతకీ టేపు పెట్టి చూడండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. అమ్మ సంతకం పెట్టే ముందు ఆ కాగితంలో ఏముందో మన భాషలో ఆమెకి చదివి చెప్పండి.

మీ గూడెంలో బడి ఏ ఏట కట్టారు, ఏ పథకం డబ్బు, రాళ్లు ఎవరు మోశారు? పెద్దవాళ్లు బతికుండగానే అడిగి ఇక్కడ రాయండి. ఆ చరిత్ర ఏ ఫైల్లోనూ లేదు, వాళ్ల దగ్గరే ఉంది.