కర్మాగారములో ఉపాధ్యాయుడు



చరిత్ర యనగానే మనకు రాజులును, కోటలును, దండయాత్రలును స్ఫురించుట వాడుక. నేడు నేను చెప్పబోవు చరిత్రలో పట్టాభిషేకము లేదు. ఒక మహాయుద్ధము వచ్చును గాని అందును ఫిరంగుల పాత్ర స్వల్పము. ఇది పనిముట్టు పట్టిన చేతికి పని నేర్పిన విధానము యొక్క చరిత్ర.

ఈ దినములలో చిన్న పెద్ద పరిశ్రమలవారు తమ సిబ్బందికి 'లీన్' అను పద్ధతిలో శిక్షణ మిప్పించుచున్నారు. ఆ యాంగ్లపదమునకు సన్నని, కొవ్వులేని యని యర్థము. వృథాశ్రమను, వృథానిల్వను, వృథానిరీక్షణమును తొలగించి, పనిని దినదినమును మెరుగుపరచుకొనుట దాని సారము. ఇది జపానుదేశమున టొయోటా మోటారుబండ్ల కర్మాగారములో పుట్టినదని ప్రసిద్ధి. ఆ మాట అసత్యము కాదు, సమగ్రమును కాదు. ఈ వృక్షమునకు వేరొక వేరు కలదు. అది పాఠశాలలో నాటుకొన్నది. బ్రదుకంతయు బడిపంతులుగా గడపినవాడను గావున ఆ సంగతి నన్ను మిక్కిలి యాకర్షించినది.

ఉపాధ్యాయశిక్షణ పొందినవారందరును హెర్బార్టు పేరు వినియే యుందురు. 1776లో జన్మించి 1841లో గతించిన జర్మను తత్త్వవేత్త యాతడు. విద్యార్థి మనస్సునందు ఇదివరకే యున్న జ్ఞానమునకు క్రొత్త జ్ఞానమును ముడివేయవలెననుట ఆయన బోధ. ఆయన శిష్యపరంపరవారు దానిని ఐదు సోపానములుగా తీర్చిరి: సన్నాహము, ప్రదర్శనము, సంసర్గము, సామాన్యీకరణము, అన్వయము. పండిత శిక్షణ కాలమున మేమును ఈ యైదింటిని వల్లించి పాఠపథకములు వ్రాసితిమి. ఈ సోపానములు ఇనుము కరగించు చోట, ఓడలు కట్టు చోట గూడ అక్కరకు వచ్చునని నాడు నాకు తోచలేదు.

మొదటి ప్రపంచయుద్ధ కాలమున, 1917లో, అమెరికా యుద్ధమున దిగినప్పుడు ఓడల నిర్మాణమునకు వేలకొలది క్రొత్త పనివారు కావలసివచ్చిరి. వారికి పని నేర్పు భారము వహించినవారిలో చార్లెస్ ఆలెన్ అను వృత్తివిద్యాబోధకు డొకడు. పని తెలిసినవాడు వేరు, పని నేర్పనేర్చినవాడు వేరు అని ఆయన గుర్తించెను. సన్నాహము, ప్రదర్శనము, అభ్యాసము, పరీక్ష అను నాలుగు మెట్ల విధానము నాయన యేర్పరచి, 1919లో ఒక గ్రంథము ప్రకటించెను. హెర్బార్టు మతమువారి సోపానముల ఛాయ అందు స్పష్టముగా కనబడును. యుద్ధము ముగిసినది. ఓడలరేవులు సద్దుమణిగినవి. ఆ విధానమును పలువురు మరచిరి.

రెండవ ప్రపంచయుద్ధము దానిని మరల తట్టిలేపెను. 1940 ఆగస్టు మాసమున అమెరికా ప్రభుత్వము 'పరిశ్రమాంతర్గత శిక్షణ' అను శాఖను నెలకొల్పెను. దానినే ఆంగ్లాక్షరములతో టీ. డబ్ల్యూ. ఐ. అని వ్యవహరింతురు. ఛానింగ్ డూలీ, వాల్టర్ డీట్జ్, మైక్ కేన్, విలియం కానొవర్ అను నలుగురు దానికి సారథులు. వారికి వచ్చిన తొలి సమస్యలలో నొకటి కటకములది. దూరదర్శినులకును, ఫిరంగి గురిచూచు యంత్రములకును గాజుకటకములు సానపట్టువారు చాలినంతమంది లేరు. ఆ విద్య పట్టువడుటకు ఏండ్లు కావలెనని యందరి నమ్మకము. శిక్షకులు ఆ పనిని దగ్గర నిలిచి పరిశీలించిరి. దానిని భాగములుగా విడదీసిరి. నిజముగా సూక్ష్మనైపుణ్యము కావలసిన భాగము లేవియో, సామాన్యుడు చేయదగిన భాగము లేవియో వేరుపరచిరి. ఏయే భాగమున చేతికి ఏ కిటుకు తెలియవలెనో నిర్ణయించిరి. ఏండ్లు పట్టునన్న విద్య కొలది మాసములలో పట్టువడెను.

వారి తరగతులలో ప్రసిద్ధికెక్కిన ప్రదర్శన మొకటి కలదు. విద్యుద్దీపపు తీగను ఎవరైన లాగినప్పుడు లోపలి కొసలు ఊడిరాకుండ వేయు ఒక ముడి యున్నది. శిక్షకుడు ఒకనిని పిలిచి, ఆ ముడి వేయు తీరును నోటితో మాత్రమే వర్ణించును. "ఎడమకొసను ఇటు త్రిప్పుము, కుడికొసను దాని వెనుకగా తెమ్ము" అని యెంత విపులముగా చెప్పినను వినువాడు వేయలేడు. పిమ్మట వేరొకని యెదుట మాట లేక ముడివేసి చూపును. వాడును వేయలేడు. తుదకు శిక్షకుడు మూడవవానిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనును. వానికి ఈ పనిని గూర్చి యేమి తెలియునో యడుగును. ఒక్కొక్క మెట్టును చూపుచు, చెప్పుచు, కీలకమైన చోట నిలిచి, కారణము వివరించును. ఆపై వానిచేత చేయించును, చేయుచు చెప్పించును. వాడు ముడి వేయును. చెప్పుట నేర్పుట కాదు, చూపుటయు నేర్పుట కాదు. ఈ ఒక్క సత్యమును ఆ తీగముక్క సభవారి యెదుట ఋజువుపరచెడిది.

ప్రతి శిక్షకుని జేబులో నొక చిన్న కార్డు ఉండెడిది. నాలుగు మెట్లును దానిపై ముద్రితములు. వాటి యన్నిటికిని ప్రాణమైన సూత్రమును నా మాటలలో చెప్పెదను: పనివానికి పని రాలేదనగా, నేర్పువాడు నేర్పలేదని యర్థము.

శ్రోతలారా, ఈ వాక్యమును నేను మొదట చదివిననాడు పుస్తకము మూసి కొంతసేపు ఊరకుంటిని. నా తరగతిలోని ఒక బాలుడు జ్ఞప్తికి వచ్చెను. గుణసంధి సూత్రమును వాడు తడబడక అప్పగించెడివాడు. 'మహేంద్రుడు' అను పదమును విడదీయుమన్న మాత్రము నోరు మెదపడు. "ఇన్నిసార్లు చెప్పితిని గదా!" అని కోపించి వానిని బల్లపై నిలువబెట్టితిని. ఆ సాయంకాలము వాని ప్రక్కన కూర్చుండు మరియొక పిల్లవాడు "మహా, ఇంద్రుడు అని మెల్లగా పలుకుము, ఇప్పుడు వేగముగా పలుకుము, కలిసినచోట ఏ యచ్చు పుట్టినదో వినుము" అని నిమిషములో వానికి నేర్పెను. నేను సూత్రము చెప్పితిని. ఆ పిల్లవాడు కీలకము చూపెను. శిక్ష మాత్రము నేర్వనివానికి పడినది. ఎవరికి పడవలసినదో నేడు నేను సందేహింపను.

మరల చరిత్రకు వత్తము. టీ. డబ్ల్యూ. ఐ. వారు మూడు ముఖ్య పాఠ్యక్రమములు నడపిరి. ఒక్కొక్కటి రెండేసి గంటల చొప్పున ఐదు తరగతులు. వెరసి పది గంటలు. మొదటిది పై జెప్పిన పని నేర్పు విధానము. రెండవది పనిని మెరుగుపరచు విధానము. పనిలోని ప్రతి యంశమును విడదీసి, ఇది యేల? ఏమిటికి? ఎచ్చట, ఎప్పుడు, ఎవరు, ఎట్లు? అని ప్రశ్నించి, అనవసరమైనదానిని తొలగించుట, కలుపదగినవానిని కలుపుట, వరుస మార్చుట, సులభపరచుట దాని క్రమము. మూడవది పనివారితో మెలగు విధానము. ఎవనికైనను వాని పని యెట్లున్నదో తెలుపుము, మెచ్చవలసినచోట మెచ్చుము, మార్పు రాకమునుపే చెప్పుము, వాని శక్తిని పూర్తిగా వినియోగించుకొనుము అనునవి దాని పునాదులు. 1945లో యుద్ధముతోపాటు ఆ శాఖయు మూతపడునప్పటికి 16,500కు పైబడిన కర్మాగారములలో 16 లక్షలకు మించిన వారు ఈ శిక్షణ ముగించిరి. శాంతి రాగానే అమెరికాలోని పరిశ్రమలవారు మరల దీనిని మూలబెట్టిరి.

ఇచ్చట కథ సముద్రము దాటును. ఓడిన జపానుదేశమున పరిశ్రమలను పునరుద్ధరింపవలసియుండెను. 1951 ఆరంభమున అమెరికా శిక్షకులు కొందరు అచ్చటికేగి ఈ పాఠ్యక్రమములు బోధించిరి. ఆ సంవత్సరముననే టొయోటావారు దీనిని గైకొనిరి. వారి నేల ఈ విత్తనమునకు ముందే దున్నబడియుండెను. ఆ వంశమున పెద్దయగు సకిచి టొయోడా 1867లో జన్మించిన మగ్గముల నిర్మాత. 1924లో ఆయన సిద్ధపరచిన స్వయంచాలిత మగ్గము, పడుగునూలు తెగినంతనే తనంతట తా నాగెడిది. తెగిన పోగుతో నేసిన బట్ట పాడగునని నేతగానికి వేరుగా చెప్పనక్కరలేదు. అందుకై ఒక మనుష్యుడు మగ్గము ప్రక్కన కావలి నిలువవలసిన యవసరము తప్పినది. ఒక్కరే పెక్కు మగ్గములు చూచుకొనగలిగిరి. తప్పు జరిగినచోటనే పని నిలుపవలెను. నిలిపి, కారణము వెదకవలెను. ఇది ఆ కర్మాగారమునకు తాత యిచ్చిన యాస్తి.

1950లో టొయోటా దివాలా యంచున నిలిచెను. సమ్మె జరిగెను. సుమారు 2,000 మంది పనివారు వెడలిపోవలసివచ్చెను. సకిచి కుమారుడగు కీచిరో టొయోడా బాధ్యత వహించి యధ్యక్షపదవిని విడిచెను. ఆ గాయము మానకమునుపే, 1951లో, అచ్చట రెండు కార్యములు జరిగెను: ఒకటి ఈ శిక్షణ, రెండవది, పనివారు తమ యూహలను వ్రాసి సమర్పించు సూచనల పద్ధతి. తైచి ఓనో అను నింజనీరు ఆ దశాబ్దమున వృథాను ఏడు విధములుగా లెక్కించి దానిపై యుద్ధము సాగించెను. అవసరమునకు మించి చేయుట, వేచియుండుట, సరకు నిటునటు మోయుట, అక్కరలేని పని చేయుట, నిల్వ పెట్టుట, వృథాగా కదలుట, లోపభూయిష్టముగా చేయుట అనునవి యా యేడు. ఆయన శిష్యులను కర్మాగారపు నేలపై సుద్దముక్కతో గీచిన వలయములో గంటలకొలది నిలిపి, ఏమి కనబడినదని యడిగెడివాడని చెప్పుకొందురు. బల్లపై నిలుపుటకును వలయమున నిలుపుటకును భేదమును గమనింపుడు. మొదటిది తప్పునకు దండనము; రెండవది కన్నునకు విద్య.

ఈ విద్య జపాను రక్తమునకే చెల్లునని పలువురు వాదించిరి. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ పట్టణము దానికి సమాధానమిచ్చెను. అచ్చట జనరల్ మోటార్సువారి కర్మాగార మొకటి గైరుహాజరీలకును, తగవులకును పేరుపడి 1982లో మూతపడెను. 1984లో ఆ సంస్థయు టొయోటాయు కలిసి దానిని 'నుమ్మీ' అను పేర తెరచిరి. చేర్చుకొన్న పనివారిలో ఎక్కువపాలు ఆ పాత పనివారే, కార్మికసంఘమును పాతదే. బృందనాయకులను జపానుకు పంపి, ప్రక్కన నిలిచి పని నేర్పించిరి. తప్పు కనబడినప్పుడు త్రాడు లాగి సహాయము పిలుచుటకు, వలసినచో వరుసనంతయు నిలుపుటకు ప్రతి పనివానికిని హక్కు నిచ్చిరి. స్వల్పకాలములోనే అచ్చటి బండ్లు జపాను బండ్లతో తులతూగెను. ఆ దశాబ్దము చివర అమ్మకములు తగ్గినప్పుడు పనివారిని వెడలగొట్టక, ఖాళీవేళను శిక్షణకును, పనుల మెరుగునకును వినియోగించిరి. ఆ కర్మాగారము 2010లో మూతపడినది. అది చెప్పిన సాక్ష్యము మాత్రము చెరుగలేదు. మనుష్యులు మారలేదు, నేర్పు విధము మారినది.

ఆ నుమ్మీలో ఇంజనీరుగా పనిచేసిన జాన్ క్రాఫ్సిక్ అను నాతడే 1988లో ఒక వ్యాసమున 'లీన్' అను పేరును తొలుత ప్రయోగించెను. 1990లో వొమాక్, జోన్స్, రూస్ అను మువ్వురు వ్రాసిన గ్రంథముతో ఆ పేరు లోకమెల్ల వ్యాపించెను. మన దేశమున జాతీయ ఉత్పాదకతా మండలి 1958లోనే వెలసినది. 2023లో భారతప్రభుత్వము చిన్నపరిశ్రమల కొరకు ఈ పద్ధతిపై నొక పథకమును నూతనముగా నారంభించినది. పెక్కు సంస్థలలో ఈ శిక్షణ నేడు సాగుచున్నది.

సంతోషమే. కాని పేరు వ్యాపించినంత వేగముగా ప్రాణము వ్యాపింపదు. గోడలకు రంగుపటములు కట్టి, జపానుపదములు నాలుగు వల్లింపజేసి, సర్టిఫికెట్లు పంచి శిక్షణ ముగిసినదనుట నా సూత్రకంఠస్థము వంటిదే. అంతకన్న ఘోర మొకటి కలదు. పనివాడు ఆలోచించి తన పనిలో ఒక గంట ఆదా చేసి చూపగా, ఆ గంటను లెక్కించి వాని ప్రక్కవానిని తొలగించుట. ఆ దినముతో ఆ కర్మాగారమున రెండవ సూచన పుట్టదు. కొవ్వును కోయుదుమని బయలుదేరి కండను కోసినవాడు వైద్యుడు కాడు. టొయోటావారు 1950 నాటి గాయము తరువాత, 1962లో, కార్మికసంఘముతో పరస్పరవిశ్వాసమును గూర్చి సంయుక్తప్రకటన చేసికొనుటలోని వివేక మిదియే.

కావున ఏ కర్మాగారములోనైనను ఒక క్రొత్తవాడు వస్తువు పాడుచేసినప్పుడు, పైవాడు "వీనికి బుద్ధి లేదు" అనునో, "నేను కీలకము చూపితినా?" అని తన్ను తా నడుగుకొనునో గమనింపుడు. ఆ యొక్క ప్రశ్నతో ఆ సంస్థ యందలి విద్య తేలిపోవును. కర్మాగారములకు నేను చెప్పగల దింతే. పాఠశాలలకు మాత్రము కొంత యెక్కువ చెప్పగలను. ఈ ప్రశ్న మన యింటిది. జర్మనీలో పుట్టి, అమెరికా ఓడలరేవులు తిరిగి, జపాను మగ్గముల చెంత పెరిగి, మన వాకిటికి మరల వచ్చినది. తలుపు తీయవలసినవారము మనమే.

సెలవు.