పెనుకొండ గద్దె, పరదేశుల పట్టాలు

1565లో రాక్షసి తంగడి యుద్ధంలో విజయనగరం ఓడిపోయింది. అరవీటి వంశపు తిరుమల రాయలు రాజధానిని హంపీ నుంచి పెనుకొండకు మార్చాడు. ఆ దెబ్బ గోవా రేవు దాకా తగిలింది. హోర్ముజ్ నుంచి ఓడల్లో దిగిన అరబ్బీ గుర్రాలకు పోర్చుగీసు వారు సుంకం వసూలు చేసుకునేవారు. వాటిని కొనే పెద్ద బేరగాడు హంపీ రాయలే. ఆ బేరం పడిపోవడంతో గోవా రాబడి సన్నగిల్లింది.

అదే అరవీటి వంశపు రాజు రెండో వేంకటపతి రాయల అనుమతితో 1610లో డచ్చి వారు పులికాటులో స్థిరపడ్డారు. 1639లో మద్రాసు స్థలానికి పట్టా ఆంగ్లేయులకు దక్కింది. 1645లో మూడో శ్రీరంగ రాయలు ఆ పట్టాను ఖాయపరిచాడు. గోల్కొండ సేనలు తీరాన్ని పట్టగానే ఆంగ్లేయులు కొత్త ఏలికల ఆమోదం కోరవలసివచ్చింది. కోట చేయి మారితే కాగితం విలువ కూడా మారేది. వర్తకులకు అసలు భయం అదే.

పెనుకొండను తర్వాత బీజాపూరు, మరాఠా, మైసూరు పాలకులు ఏలారు. దగ్గరి హిందూపురం పేరు మరాఠా నాయకుడు మురారిరావు తండ్రి హిందూరావు నుంచి వచ్చిందంటారు. మైసూరు టిప్పు ఓటమితో తనకు లభించిన సీమను నిజాం 1800లో సైన్యం ఖర్చు కింద ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. ధర్మవరం, పెనుకొండ, హిందూపురం అలా ఏర్పడిన దత్తమండలాల్లో చేరాయి. రైతులతో శిస్తు ఒప్పందాలకు కంపెనీ అధికారి థామస్ మన్రో వచ్చాడు.