పొయ్యి ఎక్కడ పెట్టారు?

పాత ఇల్లు కనబడితే ముందు తలుపులు, కిటికీలు చూస్తాం. అమెరికాలో బ్రిటిష్ వలసల తొలినాళ్ళ ఇళ్ళ గురించి చదవడం మొదలుపెట్టాక నేను ముందు పొగగొట్టం కోసం వెతుకుతున్నాను. అది ఇంటి నడుమ ఉందా, చివరి గోడకి ఉందా, వంట పొయ్యి అసలు ఇంట్లోనే లేదా అన్నది చూస్తే, అక్కడ ఎవరు ఎవరికి ఎంత దూరంలో బతికారో చాలావరకు తెలుస్తుంది.

మసాచుసెట్స్‌లోని డెడం ఊళ్ళో ఫెయిర్‌బ్యాంక్స్ ఇల్లు ఉంది. దూలాల్లోని చెట్టు వలయాలు లెక్కపెట్టి, అది 1637-1641 మధ్య కట్టిందని తేల్చారు. ఉత్తర అమెరికాలో ఇంకా నిలబడి ఉన్న కలప చట్రపు ఇళ్ళలో అదే అతి పాతదంటారు. ఓక్ దూలం కొసని చెక్కి, ఇంకో దూలం బెజ్జంలో దిగ్గొట్టి, చెక్క మేకులతో బిగించిన చట్రం అది. ఆ పనితనం ఇంగ్లండు పల్లెల నుంచి వచ్చిందే. నడుమ పెద్ద ఇటుకల పొగగొట్టం, దానికి అటొక గది, ఇటొక గది. ఒకటి హాల్: వంట, తిండి, చేతిపనులు అన్నీ అక్కడే. రెండోది పార్లర్: ఇంట్లోకెల్లా మంచి మంచం అందులోనే ఉండేది. న్యూ ఇంగ్లండు చలికి ఇది తెలివైన పద్ధతి. నిప్పు ఇంటి నడుమ ఉంటే వేడి వృథా కాదు. అదే కారణంగా కిటికీలూ చిన్నవి. గాజు ఎలాగూ సముద్రం దాటి రావాలి.

నిప్పంటే భయమూ ఉంది. బోస్టన్‌లో 1631లో ఒక ఇల్లు కాలిపోయాక, చెక్క పొగగొట్టాలు, గడ్డి కప్పులు వద్దని నిర్ణయించారు.

దక్షిణాన వర్జీనియాలో కథ వేరు. అక్కడ ఎక్కువ మంది గుంజల్ని నేరుగా నేలలో పాతి ఇళ్ళు కట్టుకున్నారు. అవి కుళ్ళిపోయాయి. తవ్వకాల్లో మట్టిలో గుంజల మచ్చలు మాత్రమే దొరుకుతాయి. మనకి మిగిలినవి ఉన్నవాళ్ళ ఇళ్ళు. వాటిని మాత్రమే చూసి ఆ కాలాన్ని లెక్కగట్టకూడదు. అలా మిగిలినదే 1665లో ఆర్థర్ అలెన్ కట్టించిన ఇటుక ఇల్లు. 1676 తిరుగుబాటులో బేకన్ మనుషులు ఆక్రమించడంతో తర్వాత దానికి 'బేకన్స్ కాజిల్' అని పేరొచ్చింది. దాని పొగగొట్టాలు రెండు చివరి గోడలకి ఉన్నాయి. వేడి ప్రాంతంలో అది సబబే.

కానీ వర్జీనియాలో పొయ్యి గోడ దగ్గర ఆగలేదు. ఇల్లు దాటి పెరట్లోకి వెళ్ళిపోయింది. వంట, బట్టలుతకడం వేరే కట్టడాల్లో జరగడం వల్ల ఇల్లు చల్లగా, వాసన లేకుండా ఉంటుందని రాబర్ట్ బెవర్లీ 1705లోనే మెచ్చుకుంటూ రాశాడు. కారణం ఎండేనా? తొలిరోజుల్లో ఒప్పందం మీద వచ్చిన ఇంగ్లిష్ పనివాళ్ళు యజమానితో ఒకే కప్పు కింద ఉండేవారు. ఆఫ్రికన్ల బానిసత్వం గట్టిపడేకొద్దీ పనివాళ్ళు పడుకునే చోటూ, వంటా ఇంటి నుంచి దూరం జరిగాయి. తల్లి బానిసైతే బిడ్డా బానిసేనని వర్జీనియా చట్టం చేసింది 1662లో. డెల్ ఆప్టన్ లాంటి చరిత్రకారులు ఇంటి ప్లానులో వచ్చిన మార్పునీ, ఇంటి మనుషుల మధ్య వచ్చిన మార్పునీ కలిపి చదివారు.

ఎండ ఒక్కటే కారణం కాదనడానికి నాకు మసాచుసెట్స్‌లోనే ఇంకో ఇల్లు కనబడింది. ఐజక్ రాయల్ ఆంటిగ్వా దీవిలో చెరకు తోటల యజమాని. 1737లో కనీసం 27 మంది బానిసలతో మెడ్‌ఫర్డ్‌కి మకాం మార్చాడు. చలి దేశమే, కానీ అక్కడా పెద్దింటి పక్కన విడిగా ఒక వంటిల్లు వెలిసింది. అందులోనే బానిసల నివాసం. ఆ రెండు కట్టడాలూ ఇప్పటికీ ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి.

వంటిల్లు విడిగా కడితే ఇల్లు చల్లబడుతుందని వాస్తు చరిత్రలు రాస్తాయి. నిజమే. కానీ ఆ వేడి ఎక్కడికీ పోలేదు. పొయ్యి ముందు నిలబడ్డవాళ్ళ దగ్గరే ఉండిపోయింది.