పిట్టి త్యాగరాయ చెట్టి: మద్రాసు నగరాన్ని నడిపిన తెలుగు దేవాంగుడు

సర్ పిట్టి త్యాగరాయ చెట్టి (1852–1925) మద్రాసు నగరపాలిక కౌన్సిల్ ఎన్నుకున్న మొదటి అనధికార అధ్యక్షుడు. జస్టిస్ పార్టీ స్థాపకుల్లో ఒకరు. ఇంట్లో తెలుగు మాట్లాడే దేవాంగ కుటుంబంలో పుట్టారు. నగరపాలిక అధ్యక్షుడికి ‘మేయర్’ అన్న పేరు 1933లో గాని రాలేదు. పేరు వేరైనా ఆ కుర్చీ అదే.

కోయంబత్తూరు, మదురైలలో తరతరాలుగా స్థిరపడిన మన ఇళ్లలో ఆయన పేరు ఎప్పుడో తప్ప వినబడదు. చెన్నై వెళ్లి టి.నగర్‌లో పట్టుచీరలు కొంటాం గాని, ఆ ‘టి’ ఎవరని అడిగితే పిల్లలే కాదు, పెద్దలూ తడుముకుంటారు. అందుకే ఈ పరిచయం.

మగ్గం నుంచి నగరపాలికకు

త్యాగరాయ చెట్టి మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో పట్టభద్రులయ్యారు. ఉద్యోగానికి పోకుండా కుటుంబ వ్యాపారంలో నిలబడ్డారు. బట్టలు నేయించి అమ్మారు, చేనేతలో కొత్త రకం మగ్గాలను ప్రోత్సహించారు. దక్షిణ భారత వాణిజ్య మండలి స్థాపకుల్లో ఒకరై, 1910 నుంచి 1921 వరకు దానికి అధ్యక్షులుగా ఉన్నారు.

1882లో నగరపాలిక సభ్యులయ్యారు. 1923 వరకు, అంటే నలభై ఏళ్లకు పైగా ఆ సభలోనే కొనసాగారు. వీధులు, నీళ్లు, బడులు, పన్నులు వంటి పేరు తెచ్చిపెట్టని పనులకే ఆయన ఆయుష్షులో సగం పైగా ఖర్చయింది.

జస్టిస్ పార్టీ, వద్దన్న పదవి

మొదట ఆయన కాంగ్రెస్‌లో ఉన్నారు. మైలాపూరు కపాలీశ్వరర్ కోవెల కుంభాభిషేకానికి పెద్ద మొత్తం విరాళమిచ్చినా వేదిక మీద చోటు దొరకలేదన్న ఉదంతాన్ని ద్రావిడ ఉద్యమం వారు నేటికీ చెప్పుకుంటారు. 1916లో డాక్టర్ టి.ఎం.నాయర్, డాక్టర్ సి.నటేశ ముదలియార్‌లతో కలిసి ఆయన దక్షిణ భారత ప్రజల హక్కుల సంఘాన్ని స్థాపించారు. అదే జస్టిస్ పార్టీగా పేరుపడింది. ఆ ఏడాది డిసెంబరులో బ్రాహ్మణేతరుల ప్రకటనను వెలువరించినది ఆయనే. పార్టీ మాట చెప్పడానికి ఇంగ్లీషులో ‘జస్టిస్’, తమిళంలో ‘ద్రావిడన్’, తెలుగులో ‘ఆంధ్రప్రకాశిక’ నడిచాయి. ఆ రాజకీయం మూడు భాషల్లో మాట్లాడిందన్నది మనం గుర్తుంచుకోవాలి.

1920 ఎన్నికల్లో పార్టీ గెలిచింది. గవర్నర్ విల్లింగ్డన్ ఆయన్ను మొదటి మంత్రిగా, అంటే నేటి ముఖ్యమంత్రి వంటి పదవికి పిలిచారు. ఆయన వద్దన్నారు. ఆ స్థానం ఎ.సుబ్బరాయలు రెడ్డియార్‌కు, 1921లో పానగల్ రాజా రామరాయనింగారికి దక్కింది. త్యాగరాయ చెట్టి పార్టీ నాయకత్వంతోనే తృప్తిపడ్డారు.

ఆయన్ను విమర్శించేవారూ ఉన్నారు. స్వాతంత్ర్య పోరాటం ఊపందుకున్న రోజుల్లో ఆయన సహాయ నిరాకరణను వ్యతిరేకించారు, బ్రిటిష్ ప్రభుత్వంతో కలిసి నడిచారు. ఆయన్ను పొగిడేటప్పుడు ఇది దాచిపెట్టడం న్యాయం కాదు.

ఒక్క అణా భోజనం

ఆయన జీవితంలో మాకు అన్నిటికన్నా పెద్దదిగా కనిపించేది ఒక చిన్న తీర్మానం. ఆయిరం విళక్కు, అంటే థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని నగరపాలిక బడికి వచ్చేది పేదింటి పిల్లలు. ఆకలి వల్ల బడికి వచ్చేవారు తగ్గిపోతున్నారు. 1920లో, త్యాగరాయ చెట్టి నాయకత్వంలోని కౌన్సిల్ ఆ పిల్లలకు మధ్యాహ్నం తిండి పెట్టాలని నిర్ణయించింది. ఒక్కొక్కరికి రోజుకు అణా మించకూడదన్నది నియమం. తర్వాత మరికొన్ని బడులకూ ఇది విస్తరించింది, హాజరు పెరిగింది. ప్రాథమిక విద్యా నిధి నుంచి ఈ ఖర్చుకు ప్రభుత్వం ఒప్పుకోకపోవడంతో 1925లో ఆగిపోయింది. అదే ఏడాది ఆయనా కన్నుమూశారు.

కానీ ఆ ఆలోచన చావలేదు. 1950లలో కామరాజ్ దాన్ని రాష్ట్రమంతటా తెచ్చారు. 1982లో ఎం.జి.ఆర్. సత్తుణవు పథకంగా పెంచారు. 2022 సెప్టెంబరు 15న ముఖ్యమంత్రి ఎం.కె.స్టాలిన్ బడి పిల్లల ఉదయపు ఆహార పథకాన్ని మన మదురైలోనే మొదలుపెట్టారు. మొదటి విడతలో 1,545 బడులు, 1.14 లక్షల మంది పిల్లలు ఉన్నారు. ఆ పళ్లెం వెనుక నూరేళ్ల కిందటి ఆ అణా ఉంది.

మిగిలిన గుర్తులు

చెన్నై రిపన్ భవనం ఆవరణలో ఆయన విగ్రహం ఉంది. పాత వన్నారపేటలో ఆయన పేరిట కళాశాల నడుస్తోంది. 1920లలో చెరువు పూడ్చి కట్టిన పేటకు త్యాగరాయ నగర్ అని పేరు పెట్టారు. జనం నోట అది టి.నగర్ అయింది, పేరు పొట్టి అక్షరంలో దాక్కుంది. ఆ పేట నడుమ ఉన్న పానగల్ పార్కు కూడా ఒక తెలుగువాడి పేరే.

ఆయన తెలుగువాడా, తమిళ నాయకుడా అని కొందరు అడుగుతారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే మనకు ఈ ప్రశ్న కొత్తది కాదు. ఆయన తిండి పెట్టించినది తెలుగు పిల్లలకే కాదు, బడికి వచ్చిన ప్రతి బిడ్డకూ. మన వాళ్లు ఈ నేలకు ఏమిచ్చారని ఎవరైనా అడిగితే, రాజుల కోటలతో పాటు ఈ పళ్లెం సంగతీ చెప్పాలి. ఈసారి పిల్లలతో టి.నగర్ వెళ్లినప్పుడు ఆ పేరు ఒక్కసారి పూర్తిగా పలికించండి.