సైర్‌కి టికెట్ ఎప్పుడొచ్చింది? అడ్డతీగల దాకా ఒక హిసాబ్

ఎండాకాలం చుట్టీలు దగ్గర పడగానే మన ఇళ్ళల్లో దస్తర్‌ఖాన్ దగ్గర ఒక బహస్ మొదలవుతుంది. పిల్లలు పార్కు అంటారు. వాళ్ళ లెక్కలో పార్కంటే బెంచీలు, గులాబీ మొక్కలు ఉన్న బాగ్ కాదు. నీళ్ళ జారుడుబల్లలు, మనిషిని గాల్లో తలకిందులు చేసే మెషీన్లు ఉన్న పార్కు. అబ్బా జవాబు చెప్పకుండా వేళ్ళ మీద ఏదో లెక్క వేస్తుంటాడు. అమ్మీకి ఆ మౌనం అర్థమవుతుంది. పిల్లలకు కాదు.

ఆ లెక్క మనమూ ఒకసారి వేద్దాం. మియా బీవీ, ముగ్గురు పిల్లలు, నానీమా, ఇంకా షాదీ కాని ఫుఫ్పు, మొత్తం ఏడుగురు. హైదరాబాద్ చుట్టుపక్కల పేరున్న పార్కుల్లో పెద్దవాళ్ళ టికెట్ ఈరోజు వెయ్యి రూపాయల పైనే. పిల్లలకు ఎత్తు కొలిచి కాస్త తగ్గిస్తారు గానీ, పన్నెండేళ్ళ పిల్లాడు పొడుగ్గా పెరిగితే ఆ రియాయత్ కూడా పోతుంది. తలకి వెయ్యి అనుకున్నా ఏడు వేలు. దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే ఇంకో 1,260. గేటు దగ్గరే ఎనిమిది వేలు దాటింది. మన టిఫిన్ డబ్బా లోపలికి రానివ్వరు, లోపల అమ్మేది హలాలో కాదో అడిగితే కౌంటర్ మీద పిల్లాడు మొహం చూస్తాడు. నీళ్ళలోకి దిగాలంటే నైలాన్ లిబాస్ కావాలి, లేకపోతే అక్కడే కిరాయికి తీసుకోవాలి. నానీమా ఏ రైడూ ఎక్కదు. చెట్టు కింద కూర్చుని తస్బీహ్ తిప్పుకుంటుంది. ఆమె టికెట్ కూడా కొన్నారు మరి. కాకినాడ నుంచో కర్నూలు నుంచో వచ్చేవాళ్ళకు రైలు, గది ఖర్చు వేరే.

మన పెద్దవాళ్ళ జమానాలో సైర్‌కి గేటు లేదు. ఉర్సుకి వెళ్ళేవాళ్ళు. కడప అమీన్ పీర్ దర్గా, నెల్లూరు బారాషహీద్ దగ్గర రొట్టెల పండగ, విశాఖ కొండ మీద ఇస్‌హాఖ్ మదనీ దర్గా. జియారత్ ఒక వైపు, రంగులరాట్నం, గాజుల అంగళ్ళు, హల్వా పరాఠా ఇంకో వైపు. పక్క ఊరి అమ్మవారి జాతరలో కూడా మన పిల్లలు అదే రంగులరాట్నం ఎక్కారు. అక్కడ ఊరికే తిరగడానికి డబ్బు అడిగేవాడు లేడు. ఎక్కితే కట్టు, తింటే కట్టు. చూడ్డం ముఫ్త్. హైదరాబాద్‌లో ఈద్ మర్నాడు, అంటే బాసీ ఈద్ నాడు, జూకి వెళ్ళే రివాజు ఇప్పటికీ ఉంది. నెహ్రూ జూ 1963 అక్టోబర్‌లో తెరిచారు. ఆ రోజు అక్కడ పులులకంటే షీర్‌ఖుర్మా డబ్బాలే ఎక్కువ కనపడతాయి.

టికెట్టూ జాతరా కలిసి ఉన్న మంచి నమూనా నుమాయిష్. 1938లో ఉస్మానియా పట్టభద్రులు బాగ్-ఎ-ఆమ్‌లో యాభై దుకాణాలతో మొదలుపెట్టారు. 1946లో నాంపల్లి మైదానానికి మారింది. అక్కడ గేటుంది, టికెట్టుంది, కానీ 2025లో కూడా ఆ టికెట్ 50 రూపాయలే. లోపలికి వెళ్ళాక జేబు ఎంత వరకు తెరవాలో మీ ఇష్టం. ఒక మిర్చీ బజ్జీ తిని రావచ్చు, కశ్మీరీ శాలువా కొనుక్కుని రావచ్చు. ఆ సొసైటీ మిగిలిన డబ్బుతో కాలేజీలు నడుపుతోంది. ఇలాంటి మేళా మనకు ఉండటం ఎంత నియామత్‌ అన్నది వేరే ఊళ్ళ వాళ్ళని అడిగితే తెలుస్తుంది.

సర్కారు కన్ను తఫ్రీహ్ మీద పడింది కూడా దాదాపు ఆ రోజుల్లోనే. మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం మద్యనిషేధం పెట్టింది, ఖజానాకు గండి పడింది. అమ్మకపు పన్నూ వినోదపు పన్నూ రెండూ 1939లోనే చట్టాలయ్యాయి. తాగేవాడి దగ్గర పోయింది నవ్వేవాడి దగ్గర వసూలు చేశారన్నమాట. ఆ వినోదపు పన్ను చట్టమే తర్వాత ఆంధ్రప్రదేశ్‌కి వారసత్వంగా వచ్చింది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు థీమ్ పార్కుల్ని 28 శాతం ఖానాలో పెట్టారు. పార్కుల వాళ్ళు మొత్తుకున్నారు. 2018 జనవరిలో 18కి దించారు.

పార్కుల కథ పొడుగు కాదు. ఢిల్లీలో 1984లో అప్పూఘర్, ముంబైలో 1989లో ఎస్సెల్ వరల్డ్, మన దగ్గర 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ, 2016లో రావిర్యాల దగ్గర వండర్‌లా. వీటన్నిటికీ అసలు ఉస్తాద్ డిస్నీల్యాండ్. అది 1955 జూలై 17న కాలిఫోర్నియాలో తెరుచుకుంది. లోపలికి ఒక డాలర్, రైడ్లకు వేరే టికెట్లు. ఆ ఏడాదే గేటూ ఎనిమిది రైడ్లూ కలిపి రెండున్నర డాలర్ల పుస్తకం అమ్మారు. అప్పటి అమెరికా కనీస కూలీ గంటకు 75 సెంట్లు. అంటే మూడు గంటల 20 నిమిషాల మజ్దూరీ. 2024 అక్టోబర్‌కి రద్దీ రోజుల టికెట్ 206 డాలర్లయింది. కాలిఫోర్నియా కనీస కూలీ అప్పుడు 16 డాలర్లు. దాదాపు పదమూడు గంటల మజ్దూరీ. ధర పెరగడం ఒక్కటే కాదు, ధర పద్ధతే మారింది. 2016 నుంచి రద్దీ రోజుకో రేటు, ఖాళీ రోజుకో రేటు. 1999లో లైను తప్పించుకోవడానికి ఉచితంగా ఇచ్చిన ఫాస్ట్‌పాస్, 2021లో పైసలిచ్చి కొనుక్కునేదిగా మారింది. మన పార్కులూ అదే సబఖ్ చదివాయి. ఆదివారం ఒక ధర, మంగళవారం ఒక ధర, ఎక్కువ కట్టినవాడికి వేరే లైను. జాతరలో రంగులరాట్నం ముందు జమీందారు కొడుకూ మన పిల్లాడూ ఒకే లైనులో నిలబడేవాళ్ళు. నాకు టికెట్ ధర కంటే ఆ రెండో లైనే ఎక్కువ గుచ్చుకుంటుంది.

పార్కు నడిపేవాళ్ళ వైపూ చూడాలి, ఇన్సాఫ్ అదే. మెషీన్లలో చాలా భాగం విదేశాల నుంచి రావాలి, డాలరు పెరిగితే వాటి ధర పెరుగుతుంది. వానలొస్తే, పరీక్షలొస్తే పార్కు ఖాళీ. కరెంటు, నీళ్ళ శుద్ధి, భద్రత ఏదీ సస్తా కాదు. భద్రత మీద ఖర్చు తగ్గించమని ఏ తల్లీ అడగదు. కాబట్టి టికెట్ పెరుగుతూనే ఉంటుంది.

అయితే జనం ఎక్కడికి పోతున్నారు? కొండలకి. ఎనిమిది వేలు పెట్టలేని కుటుంబం ఒక ఆటో మాట్లాడుకునో, నాలుగు బైకుల మీదో మన్యం ఎక్కుతోంది. చలికాలం లంబసింగి, అరకు. కాకినాడ, రాజమండ్రి వాళ్ళకు మారేడుమిల్లి, దానికి ఇవతల అడ్డతీగల. అడ్డతీగల మండలంలో పింజరికొండ జలపాతం ఉంది. పింజరి అనే మాట వినగానే మన ఇళ్ళల్లో దూదేకులవాళ్ళు, వాళ్ళ ధనుస్సు టంగ్ టంగ్ చప్పుడు గుర్తొస్తాయి. నేను వెళ్ళినప్పుడు బండల మీద రెండు మూడు ఖాన్‌దాన్లు దస్తర్‌ఖాన్ పరిచి కూర్చుని ఉన్నాయి. కోడిని ఇంటి దగ్గరే జబహ్ చేయించి తెచ్చుకున్నారు. ఆడవాళ్ళు చీరలతోనే, బుర్ఖాలతోనే నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నారు. ఎవరూ ఎవరి ఎత్తూ కొలవలేదు.

ఇక్కడ టికెట్ లేదు గదా అని ఖుష్ అయ్యేవాళ్ళకు ఈ కొండల తారీఖ్ కొంచెం చెప్పాలి. ఈ కొండల్లో టికెట్ మొదట పెట్టింది మనలాంటి సైలానీలకు కాదు. ఇక్కడే పుట్టిన కొండరెడ్లకు, కోయదొరలకు.

ఉర్దూ మీడియంలో చదివిన నాకు ఈ చరిత్రలో ఒక సంగతి వింతగా తోస్తుంది. దీని మాటలన్నీ మన మాటలే. రంప పాలకుడు మన్సబ్‌దార్. ఆయన కింద ముఠాదార్లు. కల్లు మీద అబ్కారీ. పైన తహశీల్దార్. జనం తిరగబడితే దాని పేరు ఫితూరీ. ఫితూర్ అంటే ఉర్దూలో గడబిడ, ఖలల్. హాకిమ్ భాషలో తిరుగుబాటుకి అంతకంటే మంచి పేరు దొరకదు. మన్సబ్‌దార్ చిగురుపన్ను పేరుతో కల్లు చెట్ల మీద వసూలు చేసేవాడు. సర్కారు కల్లు హక్కుని గుత్తేదార్లకు అప్పజెప్పాక, ఇంటి వాడకానికి తమ జీలుగు చెట్టు గీసుకోవడం కూడా నేరమైంది. కల్లు మనకు హరామ్, అది వేరే మాట. ఒకడి పెరట్లో చెట్టుకి ఇంకొకడు టికెట్ పెట్టడం జుల్మ్. 1879 మార్చిలో రంప ఫితూరీ లేచింది. కారం తమ్మన్నదొర లాంటి వాళ్ళు నడిపారు, 1880లో ఆయన్ని చంపారు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. ఆ తర్వాత పోడు కొట్టడం మీద నిషేధం, పశువుల మేతకు రుసుం, కట్టెకు రుసుం. అడవిలోకి వెళ్ళడానికి అడవివాడు పైసలు కట్టాలి.

ఆ తర్వాత రోడ్డు కథ. నర్సీపట్నం నుంచి లంబసింగి ఎక్కే ఘాట్ రోడ్డు మీద ఇప్పుడు డిసెంబర్ ఆదివారాల్లో కార్లు ఆగి ఆగి కదులుతాయి. ఆ దారి వేయించింది గూడెం డిప్యూటీ తహశీల్దార్ బాస్టియన్. గిరిజనుల్ని బలవంతంగా పనికి తోలి, ఇస్తానన్న కూలీ ఇవ్వకుండా వేయించాడు. 1922 తిరుగుబాటుకి ఆ రోడ్డు ఒక పెద్ద వజహ్. మన పిల్లలు మబ్బులు చూడడానికి వెళ్ళే దారి అది.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు దళం దాడి చేసింది. అక్టోబర్ 15న అడ్డతీగల వంతు వచ్చింది, 19న రంపచోడవరం. 1924 మే 7న రాజుని కాల్చి చంపారు. ఈ కథలో మనవాళ్ళు మరిచిపోయిన పేరు ఒకటుంది. అప్పట్లో పోలవరం డిప్యూటీ కలెక్టర్ ఫజలుల్లా ఖాన్. రాజు మీద సర్కారుకి అనుమానం మొదలైన రోజుల్లో ఆయనకు పైడిపుట్టలో భూమి ఇప్పించి, వ్యవసాయం చేసుకుంటూ నెమ్మదిగా ఉండేలా చేసింది ఆయనే. సర్కారీ ముల్తాజిమ్‌గా చేశాడా, ఇన్సాన్‌గా చేశాడా అని చరిత్రకారులు వాదించుకోవచ్చు. నేను రెండోదాని వైపు మొగ్గుతాను.

స్వాతంత్ర్యం తర్వాత ఈ కొండలకు దొరికిన పెద్ద ఢాల్ భూమి చట్టం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనల్ని 1970లో గట్టిచేశారు. జనం దాన్ని 1/70 అంటారు. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. 1997 జూలైలో సమతా కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసి, సర్కారు కూడా అక్కడి భూమిని ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడానికి వీల్లేదంది. అది గనుల కేసు. కానీ అరకులోనో అడ్డతీగలలోనో యాభై ఎకరాల ప్రైవేటు థీమ్ పార్కు లేకపోవడానికి సబబ్ కూడా అక్కడే ఉంది. మారేడుమిల్లి దగ్గర అటవీశాఖ, గిరిజనుల వన సంరక్షణ సమితులు కలిసి నడిపే బసలున్నాయి. ఏసీలు, జారుడుబల్లలు ఆశించి వెళ్ళేవాళ్ళు ముఖం ముడుస్తారు. కానీ ఆ రూపాయి ఎవరి చేతికి పోతోందో కనపడుతుంది.

2025 జనవరిలో విశాఖలో టూరిజం పెట్టుబడిదారుల సమావేశం జరిగింది. మన్యంలో టూరిజం పెరగాలంటే 1/70ని సవరించాలని అసెంబ్లీ స్పీకర్ అయ్యన్నపాత్రుడు అక్కడ అన్నారు. ఫిబ్రవరిలో ఏజెన్సీ అంతా బంద్. బస్సులు ఆగాయి, అరకు వచ్చిన టూరిస్టులు ఇరుక్కుపోయారు. ఆ చట్టాన్ని తీసేసే ఆలోచన లేదని ముఖ్యమంత్రి చంద్రబాబు చెప్పాల్సి వచ్చింది. ఆ రోజుల్లో మన వాట్సాప్ గ్రూపుల్లో "వీళ్ళకు డెవలప్‌మెంట్ వద్దా" అని ఒక మెసేజ్ తెగ తిరిగింది. వక్ఫ్ భూమి మీద ఇలాంటి మాటే ఎవరైనా అంటే మనకెలా ఉంటుందో ఆ మెసేజ్ పంపినవాళ్ళు ఒక్క క్షణం సోచాయించలేదు. వక్ఫ్ భూముల్లో లేచిన షాపింగ్ కాంప్లెక్సుల్లో మన ఇమామ్ సాహెబ్‌కి దుకాణం దొరికిందా? కొండ మీద పార్కు కడితే కొండరెడ్డి కుర్రాడికి గేటు దగ్గర వాచ్‌మన్ యూనిఫారం దొరుకుతుంది. వాళ్ళ నానీమా తను పుట్టిన వాగు చూడడానికి టికెట్ కొనాలి.

అరకు రైలునే చూడండి. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా ఆ పట్టాలు వేసింది బైలడిల్లా ఇనుప ఖనిజం జపాన్‌కి పంపడానికి. ప్యాసింజర్ రైలు తర్వాత వచ్చింది. 2017లో దానికి అద్దాల కప్పు బోగీ తగిలించారు. అదే సొరంగాలు, అదే లోయ. మామూలు బోగీలో సంతకు వెళ్ళే గిరిజన ఆడవాళ్ళు గంపలతో కూర్చుంటారు, అద్దాల బోగీలో మనం దానికి ఎన్నో రెట్ల కిరాయితో కూర్చుంటాం. ఒకే రైలుకి రెండు లైన్లు.

ఈ చుట్టీల్లో అడ్డతీగల వైపు వెళ్ళేవాళ్ళకు పని కొచ్చే నాలుగు మాటలు చెప్తాను. ఏలేశ్వరం మీదుగా రోడ్డు ఉంది. వానాకాలంలో జలపాతం దగ్గర లోపలికి దిగకండి, అక్కడ ఈల ఊదే గార్డు ఉండడు. బిర్యానీ దేగ్చీ ఇంటి నుంచే తీసుకెళ్ళండి, డిస్పోజబుల్ ప్లేట్లు మాత్రం వద్దు, అడ్డాకులు అక్కడే దొరుకుతాయి. సంత రోజు చూసుకుని వెళ్తే చింతపండు, కొండచీపుర్లు, తేనె నేరుగా వాళ్ళ దగ్గరే కొనవచ్చు. పార్కు గేటు దగ్గర బేరమాడని మనం, ఆ ముసలామె తేనె సీసా దగ్గర పది రూపాయల కోసం బేరమాడుతుంటాం. నేను వెళ్ళిన రోజున ఒక భాయ్‌సాబ్ అలాగే పట్టుబట్టాడు. ఆమె సీసా వెనక్కి తీసుకుని గంపలో పెట్టేసుకుంది.